సోడాబుడ్డి అద్దాల చివరి ప్రయాణం

మా బీదర్ వాళ్లకు కన్ను నొచ్చినా కాలు నొచ్చినా బెంగళూరు గుర్తుకురాదు, హైదరాబాదే. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాం కదా, అలవాటు పోలేదు. గాంధీ గంజ్‌లో అడత్ దుకాణం లెక్కలు రాసే నేనూ మామను తోడు తీసుకుని జహీరాబాద్ మీదుగా వెళ్లే బస్సెక్కాను. మైనస్ 13 పవర్, పైన సిలిండర్ 3. సదాశివపేట వచ్చిందో సంగారెడ్డి వచ్చిందో బోర్డు చదివి కాదు, కండక్టర్ కేకను బట్టి తెలుసుకునేవాణ్ణి.

"కంట్లో గాజుముక్క పెడతరంట, నిజమేనారా?" పటాన్‌చెరు దాటాక మామ గొంతు తగ్గించి అడిగాడు.

గాజు కాదు. కొల్లాజెన్ కలిపిన మెత్తని ప్లాస్టిక్, పేరు కొల్లమర్. కంటిలోని సొంత కటకాన్ని ముట్టుకోరు. దానికి ముందు, ఐరిస్‌కు వెనక, ఈ పల్చని లెన్సు కూర్చుంటుంది. 1986లో మాస్కోలో ఫ్యొదొరొవ్ అనే డాక్టరు మొదలుపెట్టిన దారి ఇది. అమెరికా ప్రభుత్వం 2005లో ఒప్పుకుంది, సిలిండర్ కూడా సరిచేసే టోరిక్ రకాన్ని 2018లో.

అంతకుముందు మొదటిసారి నేను లేజర్ చేయించుకుందామనే వెళ్లాను. డాక్టరమ్మ రిపోర్టు తిప్పి, "ఒక్కో పవర్‌కు కార్నియాలో పద్నాలుగు మైక్రాన్ల దాకా చెక్కాలి. ఉన్న మందమే అయిదు వందల చిల్లర. మీకు చేస్తే ఏం మిగుల్తుంది?" అంది. కాదని చెప్పే డాక్టరు దొరకడం కూడా అదృష్టమే. కార్నియా వెనక ఖాళీ ఎంత లోతుందో, లోపొర కణాలు సరిపడా ఉన్నాయో కొలిచి, నా సైజుకు లెన్సు ఆర్డరు పెట్టారు. అది రావడానికి కొన్ని వారాలు పట్టింది.

ఆపరేషన్ రోజు ముందు నన్ను నిటారుగా కూర్చోబెట్టి తెల్లగుడ్డు అంచున సిరాతో గీతలు పెట్టారు. పడుకోగానే కన్ను గుంతలో కాస్త మెలి తిరుగుతుందట, అందుకే ఈ ముందుజాగ్రత్త. సిలిండర్ లెన్సు పది డిగ్రీలు పక్కకు పోతే దాని పనిలో మూడోవంతు పోయినట్టే. మత్తు చుక్కలు వేశారు, స్పృహ అంతా ఉంది. మూడు మిల్లీమీటర్ల కోత, అందులోంచి చుట్టిన లెన్సు. తడి తమలపాకులాగా నెమ్మదిగా విచ్చుకుంటోందని డాక్టరమ్మ చెబుతూనే ఉంది, నాకు మాత్రం వెలుగు మీద వెలుగు కనబడింది, కొంచెం ఒత్తిడి. నాలుగు మూలలనూ ఐరిస్ కిందికి దోపి, గీతలకు సరిగ్గా తిప్పారు. లెన్సు మధ్యలో 0.36 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది, కంటి నీరు దాంట్లోంచి పారుతుంది. పాత రకాలకైతే ముందే లేజర్‌తో ఐరిస్‌కు బెజ్జం పెట్టాల్సొచ్చేది. రెండో కన్ను మరో రోజున.

కట్టు తీశాక మామ ముఖం పెద్దదిగా కనబడింది! మందపాటి మైనస్ అద్దాలు ఇన్నేళ్లూ లోకాన్ని చిన్నది చేసి చూపించాయి మరి.

తిరుగు ప్రయాణం రాత్రి బస్సు. ఎదురొచ్చే లారీ దీపాల చుట్టూ వలయాలు, ఒకదాని చుట్టూ ఒకటి. మెల్లగా అలవాటవుతుందని చెప్పారు, చాలావరకు అయింది. ఇంకోమాట కూడా గట్టిగా చెప్పారు: పవర్ పోయింది గానీ కన్ను పొడుగు తగ్గలేదు, రెటీనా పల్చగానే ఉంది, ఏటా చూపించుకోవాలి, మెరుపులు కనబడితే ఆగకుండా రావాలి.

గంజ్‌లో ఎదుటి వరుస దుకాణాల బోర్డులు కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ చదివేస్తుంటే మా సేటు మురిసిపోయాడు. కందుల బస్తా దిగాక మాత్రం మొహం మారింది. పాత రోజుల్లో అద్దాలు తీసి గింజను మూడంగుళాల దూరంలో పెట్టుకుంటే పురుగు పొడిచిన బెజ్జం భూతద్దంలో చూసినట్టుండేది. నా దగ్గర చూపు విలువ అదే. ఇప్పుడు అంత దగ్గర పెడితే మసక, జానెడు దూరం జరపాల్సిందే, ఆ సన్నబెజ్జం తప్పించుకుంటోంది. సేటు భూతద్దం కొనిచ్చాడు, దాని ధర నా ఖాతాలోనే రాయమన్నాడు.