ఓమ్ పంతులుగారి లెక్క

230ని 5 చేత భాగింపుమన్నచో ఎనిమిదవ తరగతి బాలుడెవడైనను క్షణములో 46 అని చెప్పగలడు. ఆ 230 వోల్టులనియు, ఆ 5 ఆంపియర్లనియు అనుకొందము. అప్పుడు వచ్చిన 46 ఒక తీగ విద్యుత్తునకు చూపు నిరోధమగును. పలకమీద ఒక్క వరుసలో ముగియు ఈ భాగహారము లోకమునకు తెలిసి సుమారు రెండువందల ఏండ్లు మాత్రమే అయినది. దానిని కనుగొన్నవాడు ఒక బడిపంతులు. దానివలన ఆయనకు మొదట దక్కినది నిరాదరణయే.

ఆయన పేరు జార్జి సైమన్ ఓమ్. 1789లో జర్మనీ దేశమందలి ఎర్లాంగెన్ పట్టణమున జన్మించెను. తండ్రి తాళములు చేసి జీవించువాడు. ఆ తండ్రి పాఠశాలలో చదువుకొనకపోయినను, స్వయంకృషితో గణితము నేర్చి, కుమారులకు తానే బోధించెను. ఓమ్ పదియేండ్ల వయస్సున తల్లిని కోల్పోయెను. విశ్వవిద్యాలయమున చేరిన పిదప నాట్యము, మంచుపై జారుట, బిలియర్డ్సు మొదలగు వినోదములతో కాలము వ్యర్థపుచ్చుచుండగా, తండ్రి కోపించి చదువు మాన్పించెను. ఓమ్ స్విట్జర్లాండునకు పోయి, అచ్చట పిల్లలకు లెక్కలు చెప్పుచు, తానును పట్టుదలతో చదివి, 1811లో పట్టము పొందెను. 1817లో కొలోను నగరమందలి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను.

1800లో వోల్టా తన బ్యాటరీని ప్రకటించినది మొదలు, తీగలలో విద్యుత్తు ప్రవహించునని పండితులెరుగుదురు. కాని అది ఎంత ప్రవహించును? దేనినిబట్టి హెచ్చును, దేనినిబట్టి తగ్గును? కాలువలో నీరు పారవలెనన్న ఎగువ మట్టము ఎత్తుగా నుండవలెను. నాచు, పూడిక అడ్డుపడినచో పారుదల తగ్గును. అట్లే విద్యుత్తును నడిపించు ఒత్తిడి వోల్టేజి. దానిని అడ్డునది నిరోధము. ఈ మూటికిని గల సంబంధమును ఓమ్ కొలిచి చూడదలచెను.

ఒకే మందముగల ఎనిమిది రాగితీగలను, 2 అంగుళములు మొదలు 130 అంగుళముల వరకు వేర్వేరు పొడవులలో సిద్ధపరచెను. ప్రవాహమును తెలిసికొనుటకు, సన్నని లోహపు పట్టీకి వ్రేలాడు అయస్కాంతపు సూదిని అమర్చెను. ప్రవాహము హెచ్చినకొలది సూది ఎక్కువగా మరలును. ఇట్టి చేతిపని తాళముల పనివాని కుమారునకు కష్టము కాలేదు. కాని బ్యాటరీయే ఆయనను మోసగించెను. వాడుచున్నకొలది దాని బలము మారుటచే ఒకనాటి కొలత మరునాటి కొలతతో సరిపడలేదు. అప్పుడు పొగ్గెండార్ఫ్ అను శాస్త్రజ్ఞుడు వేరొక మార్గము సూచించెను. బిస్మతును, రాగిని రెండుచోట్ల అతికి, ఒక అతుకును మరుగునీటిలోను, మరియొకదానిని మంచులోను ఉంచినచో ప్రవాహము పుట్టును. మరుగునీటి వేడిమియు, కరుగు మంచు చల్లదనమును మారవు గనుక, ఆ ఒత్తిడియు మారదు. ఈ ఉపాయముతో కొలతలు కుదిరినవి. మార్గమందలి మొత్తము నిరోధము రెట్టింపైనచో ప్రవాహము సగమగును. ఒత్తిడి రెట్టింపైనచో ప్రవాహమును రెట్టింపగును. 1827లో ఓమ్ ఈ సూత్రమును గ్రంథముగా ప్రకటించెను.

స్వదేశమున పలువురు దానిని ఆదరింపలేదు. ప్రకృతిని గణితముతో వివరింపబూనుట కొందరు పండితులకు రుచింపలేదు. విశ్వవిద్యాలయమున పదవి లభించునని ఆశించిన ఓమ్ మనసు విరిగి, 1828లో ఉన్న ఉద్యోగమును కూడ వదలుకొనెను. 1833లో న్యూరెంబర్గున మరల స్థిరమైన కొలువు దొరకెను. 1841లో లండనులోని రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకము నొసగెను. చిరకాలము కోరిన ఆచార్యపీఠము మ్యూనిక్ విశ్వవిద్యాలయమున 1852లో లభించెను. రెండేండ్లకే, 1854లో, ఆయన మరణించెను. 1881లో పారిస్ నగరమున సమావేశమైన శాస్త్రజ్ఞులు నిరోధపు కొలమానముగా ఓమును ఆమోదించిరి.

నేడు ఆ లెక్క ప్రతి ఇంటిలోను ఉపయోగపడుచున్నది. వోల్టులను ఆంపియర్లచే భాగించిన నిరోధము వచ్చును; హీటరు, దీపము వంటి వానిలో ఆ రెండంకెలనే హెచ్చించిన సామర్థ్యము వచ్చును. భారతదేశమున ఇండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. 5 ఆంపియర్లు తీసికొను నీళ్ల హీటరు నిరోధము 46 ఓములు. సామర్థ్యము 1150 వాట్లు. అది గంటసేపు పనిచేసిన 1.15 యూనిట్లు ఖర్చగును.

ఇచ్చట ఒక చిక్కుప్రశ్న కలదు. 100 వాట్ల తీగదీపము వెలుగునపుడు దాని నిరోధము 529 ఓములు. వెలుగునపుడని చెప్పుటకు కారణము, చల్లగానున్న తీగకు నిరోధము చాల తక్కువ. ఉష్ణోగ్రత మారనపుడే ఓమ్ సూత్రము సరిగా వర్తించును. నిరోధము తక్కువైన హీటరు దీపముకంటె ఎక్కువ శక్తిని ఎట్లు వాడుచున్నది? ఒత్తిడి ఒక్కటే అయినపుడు అడ్డు తగ్గినకొలది ప్రవాహము పెరుగును. అందుచేతనే తొడుగు ఊడిన రెండు తీగలు ఒకదానినొకటి తాకినచో, నిరోధము దాదాపు సున్నయై, ప్రవాహము వెల్లువయై మంటలు లేచును. అట్టి సమయమున ఫ్యూజు తీగ తాను కరిగి ఇంటిని కాపాడును.

మనుష్యుని శరీరమునకును ఇదే లెక్క. తడిచేతి నిరోధము పొడిచేతి నిరోధముకంటె చాల తక్కువ. తడిచేతితో మీటను ముట్టవద్దని తల్లి బిడ్డను హెచ్చరించునపుడు, ఆమె ఎరుగకయే ఓమ్ పంతులుగారి పాఠమును చెప్పుచున్నది.