వినకుండా రాసిన సమీక్ష

ఒక ఆల్బమ్‌ను సరిగా వినకుండా, దాని పాటల్లోని మాటలు చదివి తీర్పు చెప్పాను. సంగీతం గురించి రాసే పనిలో నేను చేసిన తప్పుల్లో నన్ను ఎక్కువగా మార్చింది ఇదే. అది ఎలా జరిగిందో, దాన్నుంచి ఏం నేర్చుకున్నానో దాచుకోకుండా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

2005 నవంబరులో మడోన్నా ఆల్బమ్ ‘కన్ఫెషన్స్ ఆన్ ఎ డాన్స్ ఫ్లోర్’ వచ్చింది. అప్పుడు నేనొక వారపత్రికలో పాశ్చాత్య సంగీతం పేజీ చూసేవాణ్ణి. తెలుగులో ఆ సంగీతం గురించి రాసేవాళ్లు తక్కువ. నా పేజీ చదివేవాళ్లలో చాలామందికి ఆ పాటలు వినే వీలే ఉండేది కాదు. నేను బాగుందంటే బాగుందనీ, లేదంటే లేదనీ అనుకునేవాళ్లు. ఆ సంగతి తెలిసి కూడా, ఆలోచించడం మొదలుపెట్టిన గాయని ఒక్క దెబ్బకే భయపడి కాళ్లాడించే పాటల్లోకి పారిపోయిందని రాసేశాను.

మడోన్నా గురించి తెలియక రాసిన మాట కాదది. 1998లో నిర్మాత విలియం ఆర్బిట్‌తో చేసిన ‘రే ఆఫ్ లైట్’ నాకెంతో ఇష్టం. తల్లి అయ్యాక ఆమెలో వచ్చిన మార్పు, కీర్తి మీద కలిగిన విసుగు, ఆధ్యాత్మికమైన వెతుకులాట అందులో వినిపించాయి. 2003లో నిర్మాత మీర్వైస్‌తో కలిసి చేసిన ‘అమెరికన్ లైఫ్’లో ఆమె డబ్బు, పేరు, అమెరికా కల అన్నీ ప్రశ్నించింది. ఇరాక్ యుద్ధం మొదలైన రోజులవి. యుద్ధాన్ని ఎత్తిచూపే ఆ టైటిల్ పాట వీడియోను ఆమే వెనక్కి తీసుకుంది. ఆల్బమ్ అమ్మకాలూ మునుపటి వాటిలా లేవు. విమర్శకులు చాలామంది పెదవి విరిచారు. నేను మాత్రం దాన్ని మెచ్చుకుంటూ రాశాను. గిటార్ పట్టుకుని సమాజం గురించి పాడుతోంది కాబట్టి ఎదిగింది అనుకున్నాను. ఆ లెక్కన రెండేళ్ల తర్వాత డిస్కో లైట్ల కిందికి వెళ్లడం నాకు దిగజారడంగానే కనిపించింది.

ఈ లెక్క నాకు చిన్నప్పుడే అబ్బింది. మా ఇంట్లో రేడియో పెడితే ‘మెలోడీ’కి ఒక గౌరవం, ‘బీట్ పాట’కి ఒక నవ్వు. పాట బాగుందని చెప్పాలంటే ముందు సాహిత్యం బాగుందనేవాళ్లం. మంచి పాటంటే కూర్చుని, కళ్లు మూసుకుని వినాల్సిందే. లేచి ఆడాలనిపిస్తే అది తక్కువ పాట. ఈ కొలతను ఎవరూ నాకు పనిగట్టుకుని నేర్పలేదు. నేనూ ఎప్పుడూ దాన్ని పరీక్షించి చూసుకోలేదు. ఇంగ్లీషు పాటలు వినడం మొదలుపెట్టాక కూడా అదే కొలత పట్టుకుని వెళ్లాను. ముందు లిరిక్స్ చదివేవాణ్ణి, తర్వాత వినేవాణ్ణి. ఈ ఆల్బమ్ విషయంలో లిరిక్స్ చదవగానే నా తీర్పు తయారైపోయింది. వినడం ఆ తీర్పుకు సాక్ష్యం వెతుక్కోవడానికే.

ఆ వినడమైనా సరిగా జరగలేదు. ఎవరో కాపీ చేసిచ్చిన ఎంపీత్రీ సీడీని ఆఫీసు కంప్యూటర్లో వేసుకుని విన్నాను. అందులో పాటలు అక్షర క్రమంలో పేర్చి ఉన్నాయి. మొదట ‘ఫర్బిడెన్ లవ్’, ఐదోది ‘హంగ్ అప్’, చివర ‘సారీ’. అసలు ఆల్బమ్‌లో ‘హంగ్ అప్’ మొదటి పాట, ‘సారీ’ మూడోది, ‘ఫర్బిడెన్ లవ్’ ఏడోది. అక్షర క్రమం వల్ల వచ్చిన గందరగోళాన్ని నేను గాయని నెత్తిన వేశాను. పాటలు ఉన్నట్టుండి తెగిపోతున్నాయనీ, ఒకదానికొకటి పొంతన లేదనీ రాశాను. 

నిజానికి ఆ ఆల్బమ్‌లోని 12 పాటల మధ్య ఎక్కడా ఖాళీ లేదు. క్లబ్బులో డీజే ఒక రికార్డు ముగియకముందే ఇంకో రికార్డును దాని లయలో కలుపుతాడు. ఈ ఆల్బమ్‌నూ అలాగే, దాదాపు గంటసేపు ఆగకుండా సాగే ఒకే ప్రవాహంగా కట్టారు. నేను తెగిపోయాయన్న చోట్లన్నీ నిజానికి అతుకులు. ఆ పనితనమంతా వాటిలోనే ఉంది.

సమీక్ష అచ్చయ్యాక ఒక పాఠకుడి నుంచి ఉత్తరం వచ్చింది. ఒక డాన్స్ మాస్టర్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేస్తున్న కుర్రాడు రాశాడు. ఎంతో మర్యాదగా, సార్, మీరు పాటలు వరస తప్పి విన్నారేమో, మొదటి పాట నుంచి చివరిదాకా మధ్యలో ఆపకుండా ఒకసారి వినండి, వీలైతే కూర్చుని వినకండి అని అడిగాడు. ఇంగ్లీషు మాటలు తనకు పూర్తిగా అర్థం కావనీ, కానీ రెండో పాట దగ్గర వేగం ఎలా సర్దుకుంటుందో, ఏడో పాట దగ్గర ఊపిరి ఎందుకు తీసుకోనిస్తారో, తర్వాత మళ్లీ ఎలా ఎత్తుకుంటారో తన ఒంటికి తెలుస్తోందనీ రాశాడు. నా కంట్లో పడింది మాత్రం మాటలు పూర్తిగా అర్థం కావన్న వాక్యం ఒక్కటే. అర్థం తెలియనివాడు నాకు చెప్పేదేముంది అనుకున్నాను. ఆ ఉత్తరాన్ని పాఠకుల స్పందనల్లో వేయలేదు, జవాబూ రాయలేదు.

సమీక్షలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. దిద్దుకునే అవకాశం చేతికొచ్చినా దాన్ని పక్కన పడేయడం అంతకంటే పెద్ద తప్పు. దాని ఫలితం నా ఒక్కడితో ఆగలేదు. ఆ తర్వాత కూడా డాన్స్ సంగీతం మీద ఎవరేం రాసి పంపినా నేను ఆసక్తి చూపలేదు. పాఠకులు అడగడం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అడిగినవాడికి జవాబివ్వలేదన్న సంగతి సౌకర్యంగా మరిచిపోయాను.

కొన్నేళ్ల తర్వాత, పాప్ సంగీతం మీద ఒక పెద్ద వ్యాసం రాయాల్సి వచ్చి ఒరిజినల్ సీడీ సంపాదించాను. ఈసారి వరస మార్చలేదు, మధ్యలో ఆపలేదు. గడియారం టిక్కుమంటూ మొదటి పాట మొదలైంది. ఎదురుచూసి విసిగిన మనిషి ఇక చాలనుకుని లేచి కదలడమే ఆ పాట. అందులో ఆబా బృందం 1979 నాటి ‘గిమ్మీ! గిమ్మీ! గిమ్మీ!’లోని స్వరం పదేపదే తిరుగుతుంటుంది. తమ సంగీతాన్ని అలా వాడుకోవడానికి ఆబా సాధారణంగా ఒప్పుకోదు. మడోన్నా ఒక మనిషికి ఉత్తరమిచ్చి స్టాక్‌హోమ్ పంపి, బెన్నీ ఆండర్సన్, బ్యోర్న్ ఉల్వేయస్‌ల అనుమతి అడిగింది. అడిగి తెచ్చుకున్న ఆ స్వరాన్ని ఆల్బమ్ గుమ్మంలోనే పెట్టింది. నాలుగో పాట ‘ఫ్యూచర్ లవర్స్’ కింద, డోనా సమ్మర్ కోసం జార్జియో మొరోడెర్ బృందం 1977లో చేసిన ‘ఐ ఫీల్ లవ్’ తాలూకు సింథసైజర్ నడక వినిపిస్తుంది. తనకంటే ముందు ఈ సంగీతాన్ని నిలబెట్టినవాళ్లను ఆమె ఒక్కొక్కరినే పిలుచుకుంటూ వెళ్తోందని అప్పుడు అర్థమైంది.

సగం దాటాక ఆల్బమ్ లోపలికి తిరుగుతుంది. ‘జంప్’లో కుటుంబం, ఉన్నచోటే ఉండిపోకుండా దూకాలనే తెగువ ఉన్నాయి. ‘హౌ హై’లో ఇంత కష్టపడి తెచ్చుకున్న పేరు ఆ కష్టానికి తగినదేనా అన్న ప్రశ్న ఉంది. ‘అమెరికన్ లైఫ్’లో నేను మెచ్చుకున్న ప్రశ్న అదే. అక్కడ గిటార్‌తో అడిగింది, ఇక్కడ ఆడుతూ అడిగింది. నేను అక్కడ విన్నాను, ఇక్కడ వినలేదు. మొదటి పాటల్లో ప్రేమ, కోపం, సరదా అన్నీ అయి, ఒళ్లు వేడెక్కాకే ఆమె తన లోపలి మాటలు మొదలుపెడుతుంది. పేరులో ఉన్న ఒప్పుకోలు ఆ వరసలో ఉంది. వరస చెడగొట్టుకుని విన్నవాడికి అది దొరకదు.

పదో పాట ‘ఐజాక్’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అందులో యిత్జాక్ సిన్వానీ అనే గాయకుడి గొంతు వినిపిస్తుంది. యెమెన్ యూదు కవి షాలోమ్ షబాజీ 17వ శతాబ్దంలో రాసిన భక్తి గీతం ఆధారంగా హీబ్రూలో సాగే ఆలాపన అది. దాని కింద క్లబ్బు తాళం ఎక్కడా తగ్గదు. మొదటిసారి విన్నప్పుడు భక్తిని డిస్కోలో పెట్టడమేమిటని విసుక్కున్నాను. నేను పుట్టింది రాయలసీమలో. చెక్కభజన చూస్తూ పెరిగాను. చేతిలో చెక్కలు, కాళ్లకు గజ్జెలు, నోట రామనామం. అడుగు ఆగితే అక్కడ పాట ఆగుతుంది. గురువు వేగం పెంచేకొద్దీ భక్తి పెరుగుతుందే గానీ తగ్గదు. దాన్ని తక్కువ సంగీతమని మా ఊళ్లో ఎవరైనా అంటే నేనే తగవుకు వెళ్లేవాణ్ణి. మా ఊరి భజన గుంపుకు ఇచ్చిన గౌరవాన్ని న్యూయార్క్ క్లబ్బుకు ఇవ్వకపోవడానికి నా దగ్గర కారణం లేదు, అలవాటు తప్ప.

అప్పుడు ఆమె ప్రయాణాన్ని మళ్లీ మొదటి నుంచీ చదువుకున్నాను. మడోన్నా అసలు నర్తకి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో నాట్యం కోసం వచ్చిన స్కాలర్‌షిప్ వదిలి 1978లో న్యూయార్క్ వెళ్లింది డాన్సర్ కావడానికే. 1982లో ఆమె మొదటి సింగిల్ ‘ఎవ్రీబడీ’కి దారి చూపింది డాన్స్‌టీరియా క్లబ్బు. అక్కడి డీజే మార్క్ కేమిన్స్ ఆ పాట డెమోను జనం ముందు వేశాడు, వాళ్లు ఆడారు. 1984 నాటి ‘లైక్ ఎ వర్జిన్’కు నిర్మాత డిస్కో బృందం షీక్‌కు చెందిన నైల్ రోడ్జర్స్. 1990 నాటి ‘వోగ్’ హార్లెమ్ బాల్‌రూముల్లో నల్లజాతి, లాటినో గే యువకులు తయారుచేసుకున్న నాట్యం నుంచి వచ్చింది. డాన్స్ ఫ్లోర్ ఆమెకు పారిపోయి దాక్కునే చోటు కాదు. ఆమె పనంతా అక్కడే మొదలైంది.

ఆ నేలకు ఒక చరిత్ర ఉంది. బయట ఎక్కడా తలెత్తుకుని నిలబడనివ్వని మనుషులు 1970లలో న్యూయార్క్ క్లబ్బుల్లో రాత్రిపూట కలిసి ఆడుకుని నిలబడ్డారు. డిస్కో వాళ్లది. 1979 జూలై 12న షికాగోలోని కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డుల్ని కుప్పపోసి పేల్చేశారు. అది డిస్కోలో సంగీతం లేదన్న మాట మాత్రమే కాదు, డిస్కో ఆడేవాళ్ల మీద కోపం కూడా అని తర్వాత చాలామంది రాశారు. నాకు ఆ మనుషుల మీద ఏ కోపమూ లేదు. అయినా ‘ఆలోచన లేని సంగీతం’ అని నేను రాసిన మాటలో ఆ పేల్చినవాళ్ల చిన్నచూపే ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోకుండా వాడాను. ఆ సంగతి తెలిశాక నా వాక్యాలు నాకే బరువయ్యాయి.

మడోన్నా ఆ డాన్స్ ఫ్లోర్‌కు తిరిగి వచ్చిన తీరు కూడా చూడాలి. అప్పటికి ఆమెకు 47 ఏళ్లు. ఆల్బమ్‌లో ఎక్కువ భాగం లండన్‌లో స్టువర్ట్ ప్రైస్ ఇంటి పైభాగంలోని చిన్న స్టూడియోలో తయారైంది. 2001, 2004 టూర్లలో ఆమెకు మ్యూజిక్ డైరెక్టర్‌గా పనిచేసిన మనిషే అతను. చేస్తున్న పాటల్ని గొంతు లేకుండా క్లబ్బులకు తీసుకెళ్లి, డీజేగా వేసి, జనం ఎక్కడ కదులుతున్నారో ఎక్కడ ఆగుతున్నారో చూసేవాడు. అంటే ఆ పాటల మొదటి విమర్శకులు నాట్యం చేసేవాళ్లే. విడుదలకు కొన్ని నెలల ముందు, తన పుట్టినరోజు నాడే, గుర్రం మీంచి పడి ఆమెకు ఎముకలు విరిగాయి. కోలుకుంటూనే ‘హంగ్ అప్’ వీడియోలో ఆడింది. ఆ పాట 40కి పైగా దేశాల్లో మొదటి స్థానానికి చేరింది. ఆల్బమ్‌కు 2007లో గ్రామీ వచ్చింది. బహుమతి వచ్చిందని నేను మనసు మార్చుకోలేదు. అది వచ్చినప్పుడు కూడా నా అభిప్రాయం కదల్లేదు. సరిగా విన్నాకే కదిలింది.

కళాకారుడి ఎదుగుదలను నేను విషయాన్ని బట్టి కొలిచాను. దేశం గురించి పాడితే పెద్ద, ప్రేమ గురించి పాడితే చిన్న, ఆడిస్తే ఇంకా చిన్న. ఇప్పుడు వేరేగా చూస్తున్నాను. నేర్చుకున్నదంతా తీసుకుని మొదలైన చోటికే వచ్చి, అక్కడ ఇదివరకు చేయలేనిది చేయగలిగితే అదీ ఎదుగుదలే. 1983లో ఆమె ఒక్కో పాటతో ఆడించింది. 2005లో గంటసేపు ఆడిస్తూ, ఆ గంటలోనే ఒక జీవితాన్ని చెప్పింది. ‘రే ఆఫ్ లైట్’లో వెతుకులాట, ‘అమెరికన్ లైఫ్’లో ప్రశ్న లేకపోతే ఇది తయారయ్యేది కాదు.

పని విషయంలో నేర్చుకున్నవి చిన్నవే, కానీ ఇప్పుడు తప్పను. ఏదైనా సంగీతాన్ని దాన్ని చేసినవాళ్లు ఎలా వినమన్నారో అలా విన్నాకే రాస్తాను. లిరిక్స్ తర్వాత చదువుతాను. ఆడటానికి చేసిన పాటైతే, ఆడేవాళ్లను అడుగుతాను. డాన్స్ మాస్టర్లు, డీజేలు, పెళ్లిళ్లలో బ్యాండ్ వాయించేవాళ్లు, వీళ్లకు జనం ఒంట్లో పాట ఎలా పనిచేస్తుందో తెలుసు. పుస్తకాలు చదివిన నాకు అది తెలియదు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుంటాను, నా భాషలోకి మార్చి పలచన చేయను.

ఆ కుర్రాడి చిరునామా నా దగ్గర మిగల్లేదు. అతనికి చెప్పాల్సింది ఇప్పుడు రాయడం మొదలుపెట్టినవాళ్లకు చెబుతున్నాను. మీ సమీక్షను కాదంటూ ఎవరైనా ఉత్తరం రాస్తే, ముందు ఆ పాట మళ్లీ వినండి. తర్వాత ఆ ఉత్తరాన్ని అచ్చు వేయండి. మీరు చెప్పిందే సరైనదని తేలినా వేయండి, ఎందుకంటే పాఠకుడికి మీ తీర్పు ఎంత అవసరమో, దానితో వాదించగల మరో చెవి ఉందని తెలియడమూ అంతే అవసరం.