రాజుగారు మధ్యాహ్నం ఏం చేస్తారు?

మా బర్‌గఢ్ పేరు ఒడిశా బయట విన్నవాళ్ళు తక్కువ. విన్న కొద్దిమందీ బియ్యం వల్లనో, చేనేత చీరల వల్లనో, లేకపోతే కంసుడి వల్లనో విని ఉంటారు. మొదటి రెండింటి సంగతి మరోసారి. ఇప్పుడు కంసుడి గురించి రాయాలని కూర్చున్నాను.

ఏటా పుష్యమాసంలో పదకొండు రోజులు మా ఊరు మథుర అవుతుంది. పక్కన పారే జీరా నది యమున. నదికి ఆవలి గట్టున ఉన్న అంబాపాలి గ్రామం గోపపురం. దేవకీ వసుదేవుల పెళ్ళితో మొదలై పౌర్ణమికి కంసవధతో ముగిసే ఈ ఉత్సవాన్ని ధనుయాత్ర అంటారు. స్వాతంత్ర్యం వచ్చిన సంబరంలో 1947-48లో మొదలైందని పెద్దలు చెబుతారు. 2014లో కేంద్ర సాంస్కృతిక శాఖ జాతీయ ఉత్సవంగా గుర్తించింది. ఇందులో ఊరికి ఊరే రంగస్థలం. ఊళ్ళో ఉన్నవాడు ఎవడైనా సరే, ఆ పదకొండు రోజులూ కంసుడి ప్రజే.

పైఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు పెళ్ళి, కాళీయమర్దనం, వధ, ఇలా పెద్ద ఘట్టాలు చూసుకుని వెళ్ళిపోతారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకు అసలు రుచి వాటి నడుమ ఉంది. ఒక ఘట్టం అయి ఇంకోటి మొదలయ్యేలోగా కంసుడు కుర్చీలో కూర్చుని టీ తాగడు. ఏనుగెక్కి బజారున పడతాడు. కొట్టు ముందు చెత్త కనిపిస్తే ఆపుతాడు. ధరలు అడుగుతాడు. అధికారులను పిలిపించి రోడ్డు ఎందుకిలా ఉందని గద్దిస్తాడు. జరిమానా వేస్తాడు. వేస్తే చెల్లించవలసిందే. ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో బిజూ పట్నాయక్ కూడా కంసుడు పిలిస్తే వచ్చారని మా ఊళ్ళో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

మన పగటివేషగాళ్ళు కూడా ఇలాగే వీధిలోకి, ఇంటి గుమ్మంలోకి వచ్చి ఆడతారు. అయితే వాళ్ళది రోజుకో వేషం. నిన్నటి వేషం చేసిన బాకీలు ఇవాళ్టి వేషం తీర్చనక్కర్లేదు. కంసుడికి ఆ వెసులుబాటు లేదు. ఆదివారం చేసిన బెదిరింపు మంగళవారం జనానికి గుర్తుంటుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా పెద్దమ్మాయి ఉద్యోగరీత్యా మాంచెస్టర్‌లో ఉంటుంది. అక్కడ సెలవుల్లో ఒక ఆట ఆడుతుంది. లార్ప్ అంటారట. మనిషికొక పాత్ర కల్పించుకుని, తగిన దుస్తులు వేసుకుని, శని ఆదివారాలు ఏ తోటలోనో పాత గిడ్డంగిలోనో ఆ పాత్రగానే తిరుగుతారు. రాసిపెట్టిన మాటలు ఉండవు. ప్రేక్షకులు అసలే ఉండరు. వచ్చినవాళ్ళందరూ ఆడేవాళ్ళే. నిర్వాహకులు కొందరు కథ నడుపుతూ ఉంటారు. అమెరికాలో 1977లో డాగర్‌హిర్ అనే కత్తియుద్ధాల ఆట పుట్టింది. ఇంగ్లండులో 1982లో పెక్‌ఫర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ మొదలైంది. అంటే మా కంసుడి కంటే వయసులో చాలా చిన్నవాళ్ళు. ఆ మాట అంటే మా అమ్మాయికి కోపం వస్తుంది.

ఈ ఆటకూ ఆటకూ మధ్య రెండు మూడు నెలల ఎడం ఉంటుంది. ఆ ఎడంలో పాత్ర ఏం చేస్తున్నట్టు? మనిషైతే ఆఫీసుకు పోతాడు, అద్దె కడతాడు. పాత్ర నిద్రపోతుందా? పోదు, పోకూడదు. అందుకని ఆ మధ్యకాలంలో నా పాత్ర ఫలానా పని చేసింది అని రాసి నిర్వాహకులకు ఇవ్వాలి. వాళ్ళు ఆలోచించి ఫలితం చెబుతారు. దీనికి డౌన్‌టైమ్ అని పేరు. 1993లో అమెరికాలో అచ్చయిన రక్తపిశాచుల ఆటలో పోలీసుల దగ్గర ఎంత పలుకుబడి, పత్రికల దగ్గర ఎంత అని అంకెలే ఉంటాయి. వాటిని ఈ మధ్యకాలంలో ఖర్చు పెట్టుకోవచ్చు. ఇంగ్లండులో 2013 నుంచి ఆడుతున్న ఎంపైర్ అనే పెద్ద ఆటలో ఒకరికి పొలం ఉంటుంది, ఒకరికి ఓడ, ఒకరికి గని, ఒకరికి చిన్న సైనికదళం. దళం ఉన్నవాడు దాన్ని సైన్యానికి తోడు పంపవచ్చు. పొలం ఉన్నవాడికి పొలం డబ్బిస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఊహాలోకానికి కూడా వ్యవసాయ లెక్కలు రాసుకున్నారని తెలిసినప్పుడు నాకు వాళ్ళ మీద కొంచెం గౌరవం పెరిగింది.

మా అమ్మాయి ఆడేది అంత పెద్దది కాదు, నలభై మంది ఆట. ఆమె పాత్ర ఒక ఏటి రేవులో పడవ నడిపే మనిషి. రెండు ఆటలు ఆడింది. రెండో ఆట చివర్లో ఎవరో ఆమెను, "నువ్వు కొత్తగా వచ్చావా?" అని అడిగారట. రాత్రి ఫోన్ చేసి నవ్వుతూనే చెప్పింది గాని, ఆ నవ్వు నాకు తెలుసు. చిన్నప్పుడు బడి నాటకంలో చెట్టు వేషం ఇచ్చిన రోజున కూడా అలాగే నవ్వింది.

మూడో ఆటకు ముందు మూడు పనులు రాయవచ్చునట. ఆమె రాసినవి చదివి వినిపించింది. ఒకటి, ముసలి దొరను చంపినవాళ్ళెవరో కనిపెడతాను. రెండు, కత్తిసాము నేర్చుకుంటాను. మూడు, రాణిగారితో స్నేహం చేస్తాను.

"బాగుందా నాన్నా?" అంది.

"మరి పడవెవరు నడుపుతారమ్మా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు.

నా అభ్యంతరం ఒక్క పడవ గురించే కాదు. దొర హంతకుణ్ణి కనిపెట్టడం తోటలో, పదిమంది మధ్య, వాదించి, బుకాయించి ఆడవలసిన ఘట్టం. దాన్ని కాగితం మీద తేల్చేస్తే ఆడడానికి ఏం మిగులుతుంది? కంసుడు బజారులో ఎంత తిరిగినా కృష్ణుణ్ణి అక్కడ పట్టుకోడు. అది రంగం మీద జరగాలి. కత్తిసాము నేర్చుకుంటే ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. నిర్వాహకుడు "సరే" అని టిక్కు పెడతాడు, అంతే. ఇక రాణితో స్నేహం. రాణి వేషం వేసినది కూడా మనిషే కదా, ఆమెను అడగకుండా ఆమె స్నేహాన్ని మూడో మనిషి ఎలా మంజూరు చేస్తాడు?

ఇక్కడ మా రైస్‌మిల్లు సంగతి ఒకటి చెప్పాలి.

1957లో హీరాకుడ్ ఆనకట్ట ప్రారంభమై కాలవలకు నీళ్ళొచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల రైతులు చాలామంది ఇక్కడికి వచ్చి భూములు కొన్నారు. మా నాన్నగారు అలా వచ్చినవారే. పొలం తరవాత చిన్న మిల్లు పెట్టారు. వచ్చి పదిహేనేళ్ళు దాటినా మేము "ఆంధ్రావాళ్ళం". అందులో తిట్టేమీ లేదు. అయినా బజారులో నలుగురూ నవ్వుకుంటున్న చోటికి మేం వెళితే నవ్వు ఆగేది. పండగకు చందా ఇచ్చేవాళ్ళం. పక్కన నిలబడి చూసేవాళ్ళం. ఇచ్చి పక్కన నిలబడడం ఎలా ఉంటుందో సోలాపూర్‌లో, హోసూరులో, బళ్ళారిలో ఉన్న మీకు నేను వివరించనక్కర్లేదు.

1974 పుష్యంలో, నాకు పన్నెండేళ్ళు, కంసుడి ఏనుగు మా మిల్లు ముందు ఆగింది. గాలికి ఊక ఎగిరి రోడ్డు మీద పడుతోంది.

"ఎవడిదిరా ఈ మిల్లు?" అన్నాడు సంబల్‌పురిలో.

నాన్నగారు తువ్వాలు దులుపుకుంటూ బయటికి వచ్చారు.

"నా మథురలో, నా ప్రజల కళ్ళలో దుమ్ము కొడుతున్నావా? యాభై ఒక్క రూపాయలు జరిమానా!"

నాన్నగారికి సంబల్‌పురి అంతంతమాత్రం. క్రియ ఒక చోట, కర్త ఒక చోట పడేవి. చేతులు జోడించి, "మహారాజా, ధాన్యం ధర పెంచండి, నూటొకటి ఇచ్చుకుంటాను" అన్నారు. ఆ వ్యాకరణానికో, ఆ ధైర్యానికో జనం ఘొల్లున నవ్వారు. కంసుడు నవ్వలేదు. మీసం తిప్పి, "కోశాగారంలో ఆ సంగతి తరవాత. ముందు ఊక సంగతి చూడు" అని ఏనుగును కదిలించాడు. నాన్నగారు డబ్బు కట్టారు. మర్నాడు గోనెసంచులు విప్పి కుట్టించి ఊక గుట్ట వైపు తెర కట్టించారు. పౌర్ణమికి కంసుడు చచ్చిపోయాడు. తెర అలాగే ఉంది.

మరుసటి ఏడు అదే కంసుడు అదే దారిన వచ్చి, ఏనుగు మీద నుంచి తెర వైపు చూసి, తల పంకించి వెళ్ళిపోయాడు. మాటేమీ అనలేదు. ఆ సాయంత్రం నాన్నగారు ఇంటికి వచ్చి, "గుర్తుపెట్టుకున్నాడే" అని అమ్మతో రెండుసార్లు అన్నారు. యాత్ర కమిటీవాళ్ళు ఆ తరవాత చందాకు వచ్చినప్పుడు కుర్చీలో కూర్చుని, ఈసారి గోపపురం వైపు దీపాల పని ఎవరికి అప్పజెబుదామని ఆయన్ని సలహా అడిగారు.

నేను చాలామంది కంసులను చూశాను. గొంతు మాత్రమే ఉన్నవాళ్ళు కొందరు. వాళ్ళు బజారులో కూడా తమ ప్రతాపమే చూపించుకుంటారు, జనం దారి ఇచ్చి చూస్తారు, అంతటితో సరి. మంచి కంసుడు ఎదుటివాడి చేతిలో ఏదో ఒక పని పెట్టి పోతాడు. వాడు తెర కట్టాలి, లేదా ఎదురుతిరగాలి, లేదా రేపు కొలువుకు రావాలి. ఏం చేసినా ఆట వాడి ఇంట్లోకి కూడా వచ్చినట్టే.

ఇవన్నీ ఫోన్‌లో చెప్పేసరికి మాంచెస్టర్‌లో అర్ధరాత్రి దాటింది. మర్నాడు కొత్త కాగితం చదివింది. ఒకటి, పడవ అడుగు పుచ్చింది. వడ్రంగి దగ్గర కలప అరువు తెచ్చి బాగుచేయిస్తాను, బదులుగా వానలు వెలిసేదాకా అతని మనుషులను ఊరికే దాటిస్తాను. (వడ్రంగి పాత్ర వేసే కుర్రాణ్ణి ముందే అడిగింది. ఎగిరి గంతేశాడట. అతనికీ కాగితంలో రాయడానికి ఏమీ లేక కూర్చున్నాడు.) రెండు, దొర కొడుకు బంట్లకు రేవు కూలి రెట్టింపు చేస్తాను, కొట్టబోతే కొట్టించుకుంటాను గాని తగ్గించను. మూడు, చీకటి పడ్డాక ఏరు దాటినవాళ్ళకు తాడు మీద ముడి వేసి లెక్క పెట్టుకుంటాను.

అది నలభై మంది కాగితాలు చదివే నిర్వాహకుల చేతికి చిన్నదిగా, స్పష్టంగా వెళ్ళింది. ఏం చేస్తుంది, ఎవరితో, దేని కోసం, కుదరకపోతే ఏం పోగొట్టుకుంటుంది, అన్నీ ఉన్నాయి. మూడో పని నాకు తట్టనిది. చదువురాని మనిషి లెక్క ఎలా పెట్టుకుంటుందని ఆమే ఆలోచించుకుంది. మా నాయనమ్మ పాల లెక్కకు గోడ మీద సున్నం చుక్కలు పెట్టేదని ఎప్పుడో చెప్పాను, అది గుర్తుందో ఏమో, అడగలేదు.

మూడో ఆటలో ఏం జరిగిందంటే, శనివారం పొద్దున్నే దొర కొడుకు మనిషి వచ్చి రెట్టింపు కూలి గురించి గొడవపెట్టుకున్నాడు. వడ్రంగి అడ్డం వచ్చాడు, ఎందుకంటే పడవ పోతే తన కలప పోతుంది. మధ్యాహ్నానికి ఆ తాడు సంగతి ఎలాగో పొక్కింది. దొర చనిపోయిన రాత్రి మీద ఎన్ని ముడులున్నాయని అడగడానికి సాయంత్రంలోగా ముగ్గురు వేరువేరుగా వచ్చారు. ఒకరు డబ్బిస్తామన్నారు. ఒకరు బెదిరించారు. మూడోది రాణిగారు. ఆవిడ ఏమీ అనకుండా రేవు గట్టున పక్కన కూర్చుని, "నీ పేరేమిటి?" అని అడిగిందట.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, ఆ రాత్రికి రెండు ముడులున్నాయి, వాటిలో ఒకటి వడ్రంగిది. ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు. నాలుగో ఆట రెండు నెలల తరవాత. ఈలోగా తాడు దాచాలా, కోసెయ్యాలా, వడ్రంగి దగ్గరికే తీసుకుపోవాలా అని మొన్న అడిగింది. నేను సలహా చెప్పబోతుంటే, "ఉండు నాన్నా, వాణ్ణి అడిగి చూస్తా" అని ఫోన్ పెట్టేసింది. కాగితం ఇవ్వడానికి గురువారం ఆఖరు. రెండు వరుసలు ఇంకా ఖాళీగానే ఉన్నాయట.