ఫార్మాట్ కొట్టక ముందు

జువ్వలదిన్నెకు ఎడిటర్ పంపింది ఫిషింగ్ హార్బర్ మీద రాయమని. హార్బర్ల మీద రాసేవాళ్ళకు కొదవలేదు గనక, ఊళ్ళో ఒక కంప్యూటర్ రిపేరు బల్ల దగ్గర చెవిన పడిన ఫిర్యాదు గురించే రాస్తాను: "రెండుసార్లు ఫార్మాట్ కొట్టిచ్చాం గదన్నా, మళ్ళా అట్నే టప్పున ఆగిపోతా ఉంది." నీలం తెర వచ్చి ఆగితే డ్రైవరునో ర్యామ్‌నో అనుమానించవచ్చు. ఏ సందేశమూ లేకుండా లైటు ఆర్పినట్టు ఆరిపోతే తప్పు చాలా వరకు కరెంటులోనో వేడిలోనో ఉంటుంది, విండోస్‌ను ఎన్నిసార్లు మళ్ళీ ఎక్కించినా అది పోదు. ఈవెంట్ వ్యూయర్‌లో పడే 41 నంబరు కూడా మెషిన్ సరిగా షట్‌డౌన్ కాలేదని చెబుతుందే తప్ప ఎందుకో చెప్పదు. అయినా ఏ తేదీన, సుమారు ఏ వేళ ఆగిందో ఆ వ్యూయర్‌లో దొరుకుతుంది. ఫార్మాట్ కొట్టగానే ఆ కాస్త ఆధారమూ తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ బల్ల దగ్గరి మెకానిక్ విండోస్ జోలికి పోలేదు, పక్క రేకు ఊడదీశాడు. ప్రాసెసర్ మీది హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము బ్లోయర్ గాలికి లేవలేదు, సముద్రపు గాలి తెచ్చిన ఉప్పుతో ముద్దగా అతుక్కుపోయి ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే నీరవుతుంది, ఒడ్డున రాత్రిళ్ళు అంత తేమ మామూలే. బోర్డు మీద ఆ తడి పొర పట్టినప్పుడు కరెంటు పోకూడని దారిన పోతుంది, ఎండ ఎక్కితే ఆరి మళ్ళీ బాగుంటుంది. ఎప్పుడు పడితే అప్పుడు ఆగుతోందని మనం అనేదానికి ఇలా ఒక వేళంటూ ఉండవచ్చు. అతను బ్రష్‌తో రెక్కలు గీకి, ర్యామ్ కాళ్ళను రబ్బరుతో రుద్ది, సున్నంలా ఎండిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూశాడు. అంతటితో వదిలేయకుండా, మెషిన్‌కు బరువైన పని పెట్టి పసుపు తీగ మీద మీటరు ఆనించాడు. 12 వోల్టులు ఉండాల్సిన చోట 5 శాతం అటూఇటూ పోవచ్చు, అంటే 11.4 కంటే తగ్గకూడదు. ఊరికే ఉన్నప్పుడు నిక్షేపంగా చూపిన అంకె, పని పడగానే 11.4 కిందికి జారింది. దోషి ఎస్‌ఎంపీఎస్, అంటే మెషిన్‌కు కరెంటు అందించే పెట్టె.

యూపీఎస్ ఉంది కదా అంటారు. మామూలు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీ సెకన్లు పడుతుంది. ఆ సందును దాటించేది ఎస్‌ఎంపీఎస్‌లోని కెపాసిటర్లు. వేడి 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ముసలి కెపాసిటర్ ఆ సందును మోయలేదు, అందుకే యూపీఎస్ పక్కనే ఉన్నా మెషిన్ పోతుంది. కొత్తది కొనుక్కుంటే పోలా అనే మాటలో కొంత నిజముంది, పదేళ్ళ బోర్డుకు డబ్బు తగలేయడం దండగే. కానీ ఆ కొత్తదాన్నీ సముద్రం వైపు కిటికీ కిందే పెడితే? పెద్ద డేటా సెంటర్లలో రాగి రేకు వేలాడదీసి గాలి దాన్ని ఎంత తింటోందో కొలుస్తారు. మన ఆఫీసుల కొనుగోలు కాగితాల్లో ప్రాసెసర్, ర్యామ్ వివరాలు ఉంటాయి, ఉప్పుగాలి ఊసు మాత్రం సాధారణంగా ఉండదు. వేట నుంచి వచ్చిన బోటు మోటారును మంచినీళ్ళతో కడగాలని తెలిసిన తీరంలో ఇది వింతగానే ఉంది.

మీటరెందుకు, పార్టు మార్చి చూస్తే తెలుస్తుంది కదా అని ఇంకో వాదన. మంచిదని తెలిసిన ఎస్‌ఎంపీఎస్ చేతిలో ఉంటే అదీ పరీక్షే, కాదనను. వరసబెట్టి కొత్త పార్టులు కొనిపించడం మాత్రం గుడ్డి లెక్క, ఆ లెక్కే ఇప్పుడు చాలా బల్లల మీద నడుస్తోంది. తప్పు మెకానిక్‌లది మాత్రమే కాదు. ఇతను ఇచ్చిన చీటీలో ఎస్‌ఎంపీఎస్ ధర ఉంది, పేస్టు ధర ఉంది. గంటసేపు వెతికినందుకు ఒక్క రూపాయి రాయలేదు, రాస్తే బేరమాడతారట. ఫార్మాట్‌కు మాత్రం ఎవరూ బేరమాడరు.