ఛజ్జా ఎందుకు పడింది?

మా తమ్ముడు వడ్రంగి. పోయిన ఈద్‌కి పిల్లలకు ఈదీతో పాటు ఒక సంచి నిండా టేకు ముక్కలు తెచ్చాడు. తలుపులు చేయగా మిగిలినవి. ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, 8, 4, 2 అంగుళాల కొలతల్లో కోసి ఇచ్చాడు.

మూడో తరగతి చదివే నా బేటీ లెక్కల్లో 'సగం, పావు' దగ్గరే ఆగిపోయింది. మార్కులు చూసి నాకు గుస్సా వచ్చింది. "పఢాయీ వదిలేసి ఈ ఖేల్ ఏమిటే?" అని తన చేతిలోంచి ముక్కలు లాక్కున్నాను. పక్కనే ఆడుతున్న బేటాని మాత్రం ఏమీ అనలేదు. మా అమ్మ చూసి, "యే ఇన్సాఫ్ నై హై" అంది. సిగ్గేసింది. తిరిగి ఇచ్చేశాను.

ఆదివారం జుహర్ తర్వాత నేను బియ్యం ఏరుతుంటే ఇద్దరూ చార్మినార్ కడుతున్నారు. నాలుగో మినార్‌కి పెద్ద ముక్క లేదు. "మామూని ఇంకోటి అడుగుదాం" అన్నాడు వాడు. ఆమె ఒక 4 అంగుళాల ముక్క నిలబెట్టి, దాని మీద రెండు 2 అంగుళాల ముక్కలు పెట్టింది. నాలుగు మినార్లూ బరాబర్!

"బడా ముక్కలో ఛోటా ముక్క ఎన్నో వంతు బేటీ?" అని అడిగాను.

"పావు. నాలుగు పెడితేనే కదా అమ్మీ సరిపోయేది!"

పుస్తకంలో పదిసార్లు చెరిపి రాసిన జవాబు అది.

తర్వాత ఛజ్జా పెట్టబోయింది. ముక్క సగం కంటే ఎక్కువ బయటికి జరిగితే పడిపోతోంది. మూడుసార్లు పడ్డాక, లోపలి కొస మీద ఇంకో ముక్క బరువుగా పెట్టింది. నిలబడింది. మన ఇళ్ల ఛజ్జాలు కూడా పైనున్న గోడ బరువు నొక్కి పట్టుకోబట్టే నిలుస్తాయని సాయంత్రం మామూ చెప్పాడు.

కిండర్‌గార్టెన్ అన్న పేరు పెట్టిన ఫ్రోబెల్ 1837లో జర్మనీలో పసిపిల్లల బడి మొదలుపెట్టాడు. ఒక చెక్క ఘనాన్ని 8 చిన్న ఘనాలుగా చేసి పిల్లల చేతికిచ్చాడు. విడదీస్తే భాగాలు, కలిపితే మళ్లీ పూర్తి ఘనం.

మా తమ్ముడు పదో తరగతిలో లెక్కల్లోనే ఫెయిలయ్యాడు. అబ్బా చేతి దెబ్బలు తిన్నాడు. ఇవాళ నా కూతురికి పావు అంటే ఏమిటో నేర్పింది వాడు కోసిన ముక్కలే.

మీ మహల్లాలో వడ్రంగి ఉంటే అడిగి చూడండి. పేళ్లు గుచ్చుకోకుండా బాగా రుద్దించండి. బేటాకీ, బేటీకీ ఇద్దరికీ ఇవ్వండి. కట్టింది పడిపోతే మీరు సరిచేయకండి. "ఎందుకు పడింది?" అని అడిగి, కాస్త సబర్ చేయండి.