పిట్టగోడ మీద తురాయి

హైదరాబాద్ రహమత్ నగర్ గల్లీల్లో చెట్టు పడిందంటే మధ్యలో కరెంటు వైరు ఉన్నట్టే. నిన్నటి గాలివానకి పక్కింటి తురాయి మా పిట్టగోడ మీద వాలింది. ఒక కుర్రాడు గొడ్డలి పట్టుకుని గోడెక్కేస్తున్నాడు. ఎదురింటి ఆంటీ కేక పెట్టింది: "ఓ బాబూ, దిగు! ముందు కరెంటు బంద్ చేయించండి!" ఆమె మాటే కరెక్టు. కరెంటోళ్ల 1912కి ఫోన్ కొట్టి, సప్లై ఆగిందని లైన్‌మన్ చెప్పాకే కొమ్మ ముట్టాలి.

కోసేవాళ్లు మొద్దు జోలికి ముందు పోలేదు. చివరి కొమ్మలు కోసి, బరువు తగ్గించి, పెద్దకొమ్మకి తాడు కట్టి మెల్లగా దించారు. వంగి బిగుసుకున్న కొమ్మని ఒక్క వేటుకి తెంపితే ఎటు ఎగిరి కొడుతుందో చెప్పలేం. చెట్టు పడ్డప్పుడే కింద ఉన్న ఆటో నలిగింది. ఇన్సూరెన్స్ కోసం కోయకముందే ఫోటోలు తీయించాం. ఉత్త థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ అయితే ఆ ఫోటోలూ దండగే అనుకోండి.

వేళ్లు చూస్తే జాలేసింది. కింద రాయి, చుట్టూ మొదలుదాకా పోసిన సిమెంటు. ఇక పట్టు ఎక్కడిది?

నిలబడ్డ చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం పర్మిషన్ కావాలి. రోడ్డు మీద పడితే నగర విపత్తు సంస్థ హైడ్రా డీఆర్‌ఎఫ్ వాళ్లకి చెప్పొచ్చు. ఇలా రెండిళ్ల మధ్య పడితే మాత్రం కూలి ఎవరివ్వాలి, కట్టె ఎవరిది? ఆ పంచాయితీ ఇంకా నడుస్తోంది. ఆంటీ మా వైపే.