బాపు తీసుకోని అప్పు

మొన్న సాయంత్రం బాపు చేతిల పోస్టుల వచ్చిన కవరు. అప్పు బాకీ 48,600 రూపాయలు వారంల కట్టకుంటే కోర్టుకు పోతమని నోటీసు. ముప్పై రెండేండ్లు గోదావరిఖని బొగ్గుబాయిల పనిచేసి, కిరాణా బాకీ కూడా ఎన్నడూ నెల దాటనియ్యని మనిషి. "నేను తీసుకోలే బిడ్డా, నమ్ము" అని నాకే చెప్పుకుంటుంటే గుండె తరుక్కుపోయింది.

రాత్రి తొమ్మిదింటికి వసూలు ఏజెంటు ఫోను. పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయొద్దని 2022లనే రిజర్వు బ్యాంకు చెప్పింది. "ఎంతోకొంత కట్టి వదిలించుకోండి" అన్నడు. రూపాయి కూడా కట్టనన్న. కడితే అప్పు ఒప్పుకున్నట్టే చూపిస్తరు. 2020 డిసెంబర్ల లోన్ యాప్‌ల వేధింపులకు మన తెలంగాణల ప్రాణాలు తీసుకున్నవాళ్లు యాదికొచ్చి నిద్ర పట్టలే.

క్రెడిట్ రిపోర్టు తీసినం. ఏడాదికోసారి ఉచితమే. ఆ అప్పు కింద పాన్ నంబరు బాపుదే, ఫోన్ నంబరు మాత్రం ఎవరిదో!

పొద్దున జ్యోతినగర్ పోస్టాఫీసుకు పోయి జవాబు పంపినం. ఈ అప్పు మాది కాదు, సంతకం చేసిన పత్రం చూపండి, పైసలు ఏ ఖాతాల పడ్డయో చెప్పండి అని. క్రెడిట్ బ్యూరోకూ ఫిర్యాదు పెట్టినం. 30 రోజుల్ల తేల్చకుంటే రోజుకు 100 రూపాయల పరిహారం ఇయ్యాలె. అప్పిచ్చినోళ్లు నెల రోజుల్ల జవాబియ్యకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోతం. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కూడా చెప్పినం.

పోస్టు రసీదును బాపు తన పెన్షన్ కాగితాల నడుమ దాచుకున్నడు.